చంద్రుణ్ణి సరిచేసే పనివాడు



యతిప్రాసలను గురించీ, మరుగునపడిన జాతీయాలను గురించీ వ్రాసుకొనే ఈ పుటలో ఈసారి ఒక బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణి గురించి వ్రాస్తున్నాను. నన్నెరిగినవారు నవ్వుకొంటారని తెలుసు. ముప్పదినాలుగేండ్ల ఉపాధ్యాయ వృత్తిలో ఆటలకు నేను చేసిన సేవ ఒక్కటే. డ్రిల్లు మాస్టారు సెలవు పెట్టిన రోజున మైదానంలో ఉన్న పిల్లలను తరగతిలోకి పిలిపించి సంధిసూత్రాలు వల్లెవేయించడం! ఆ పిల్లల ఉసురు ఊరకే పోలేదు. అరవై దాటిన తర్వాత, మంచుదేశంలో, మనుమడి ముందు కూర్చొని బాస్కెట్‌బాల్ నియమాలు వల్లెవేయవలసివచ్చింది.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో ఉంటాడు. న్యూయార్క్ అనగానే ఆకాశాన్నంటే మేడలను తలచుకోకండి. ఆ మహానగరానికి ఇది నాలుగైదు గంటల కారు ప్రయాణమంత దూరంలో ఉన్న మధ్యతరహా ఊరు. ఇక్కడి మంచు అమెరికాలోనే పేరుమోసినది. 2022 శీతకాలంలో మేమిద్దరమూ అక్కడికి వెళ్ళినప్పుడు, మంచు కాస్త తెరిపినిచ్చిన ఒక మధ్యాహ్నం, మనుమడు నన్ను ఆర్మరీ స్క్వేర్ అనే చోటికి తీసుకొనిపోయాడు. అక్కడ ఒక గడియారం ఉంది. దానికి ముళ్ళు లేవు. అంకెలున్నాయి. అవి 24 నుండి మొదలై ఒక్కొక్కటే తగ్గుతూ సున్నకు వస్తాయి. మళ్ళీ 24.

"ఇది ఎంతయిందో చెప్పదేమిట్రా?" అన్నాను.

"ఎంతయిందో కాదు తాతయ్యా, ఎంత మిగిలిందో చెప్తుంది" అన్నాడు వాడు.

పదమూడేళ్ళ పిల్లవాడు చలికి ముక్కు తుడుచుకొంటూ అన్న ఆ మాట నాకు బాగా నచ్చింది. ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి గదా!

ఆ గడియారం కథ ఇది. బాస్కెట్‌బాల్ వృత్తిక్రీడగా నిలదొక్కుకొంటున్న కాలంలో ఒక పెద్ద తెగులు పట్టుకొన్నది. రెండు పాయింట్లు ముందున్న జట్టువారు ఇక బుట్టవైపు చూడకుండా, బంతిని తమలో తామే అందించుకొంటూ కాలం గడిపేవారు. 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్, మినియాపోలిస్ జట్ల మధ్య జరిగిన ఆటలో తుది స్కోరు 19-18. నలభై ఎనిమిది నిమిషాల ఆటకు ఇది! డబ్బిచ్చి కూర్చొన్నవాడు ఏమి చూడాలి? సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్ ఇటలీనుండి వలసవచ్చినవాడు. ఊళ్ళో బౌలింగ్ ఆటశాల నడుపుకొనేవాడు. తనకు ఆనందం కలిగించిన ఆటలలో రెండు జట్లూ కలిసి ఎన్నిసార్లు బుట్టకు గురిపెడుతున్నాయో చూశాడు. సుమారు 120 సార్లు. ఆట మొత్తం 2880 సెకన్లు. భాగించాడు. 24 సెకన్లలోగా బంతిని బుట్టకు వేయాలి, లేదా ఎదుటివారికి అప్పగించాలి. 1954 ఆగస్టులో ఆ ఊరి వృత్తివిద్యా పాఠశాలలోనే దీనిని పరీక్షించి చూశారు. ఆ ఏడే నియమమయింది. జట్టుకు సగటున 79 దగ్గర ఉన్న స్కోరు ఒక్క సంవత్సరంలో 93కు ఎగబాకింది.

కథ బాగున్నది గాని, గడియారం నన్ను ఎక్కువసేపు నిలపలేదు. ఆ గడియారం వచ్చిన మొదటి సంవత్సరంలోనే సిరక్యూస్ జట్టు విజేత అయినదని మనుమడు గ్రంథాలయం నుండి తెచ్చిన పుస్తకంలో ఉన్నది. అందులో ఒక చిత్రం. జట్టంతా వరుసగా నిలబడి ఉన్నారు. వారిలో ఇద్దరు నల్లజాతివారు. ఒకడి పేరు ఎర్ల్ లాయిడ్. "వీడు గొప్ప ఆటగాడా?" అని అడిగితే మనుమడు పెదవి విరిచి, "స్టార్ కాదు తాతయ్యా, జర్నీమ్యాన్" అన్నాడు.

నాకు మాట దొరికితే ఊరుకోలేని రోగం ఉన్నదని మీకు తెలుసు. జర్నీ అంటే ప్రయాణం కాబట్టి జట్టునుండి జట్టుకు తిరిగే దేశసంచారి అనుకొన్నాను. నిఘంటువు చూస్తే అది కాదు. ఫ్రెంచి భాషలో దినమనే అర్థం గల 'జూర్నే' అనే మాటనుండి పుట్టినదట. పూర్వం అక్కడి వృత్తిసంఘాలలో శిష్యరికం ముగించి పని నేర్చి, ఇంకా సొంత దుకాణం పెట్టుకోలేక రోజుకూలికి పనిచేసే వడ్రంగినీ, కంసాలినీ అట్లా పిలిచేవారట. పనితనంలో లోటు లేదు. దుకాణం మీద పేరు మాత్రం వేరొకరిది. మన బుర్రకథలో కథకుడికి ఇరుప్రక్కలా నిలిచే వంతలవంటివాడన్నమాట. వంతలు లేకపోతే కథ నడవదు. కరపత్రంలో పేరు కథకుడిది. ఈ మాటకు ఆ పాత అర్థమే తీసుకొంటే లాయిడ్‌కు అతికినట్లు సరిపోతుంది. ఆ తర్వాత రెండు నెలలు మంచు కురిసినన్నాళ్ళూ ఆయనను గురించే చదివాను.

లాయిడ్ 1928 ఏప్రిల్ 3న వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియాలో పుట్టాడు. తండ్రి బొగ్గు డిపోలో పనివాడు. అమెరికా రాజధానికి నదికి ఇవతల ఒడ్డునే ఉన్న ఆ ఊళ్ళో తెల్లవారి బడి వేరు, నల్లవారి బడి వేరు. పార్కర్-గ్రే అనే నల్లవారి ఉన్నత పాఠశాలలో చదివి, వెస్ట్ వర్జీనియా స్టేట్ అనే నల్లవారి కళాశాలలో చేరాడు. 1947-48లో ఆ కళాశాల జట్టు ఒక్క ఆట కూడా ఓడిపోలేదు.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. కొత్తగా చేరిన విద్యార్థులను సీనియర్లు ఆటపట్టించడం ఎక్కడైనా ఉన్నదే గదా. తాడిచెట్టులాంటి ఈ కుర్రవాణ్ణి చూసి, "మేము సాయంకాలం మా స్నేహితురాళ్ళతో షికారుకు పోయేటప్పుడు చంద్రుడు చక్కగా వెలిగేట్లు చూడడం నీ పని" అన్నారట. అందరికంటె ఆకాశానికి దగ్గరగా ఉన్నవాడు వీడే గదా! అప్పటినుండి 'మూన్‌ఫిక్సర్', అంటే చంద్రుణ్ణి సరిచేసేవాడు, అనే పేరు నిలిచిపోయింది. ముసలితనంలో వెలువడిన ఆయన ఆత్మకథకు కూడా ఆ పేరే పెట్టుకొన్నాడు. వెన్నెల ఇతరులకు, నిచ్చెనెక్కే పని తనకు! మా కావ్యాలంకార శాస్త్రంలో దీనికేమైనా పేరున్నదేమో వెదకాలి.

1950లో వృత్తిజట్లవారు కళాశాలలనుండి ఆటగాళ్ళను ఎంచుకొన్నారు. రెండవ వరుసలో బోస్టన్‌వారు చక్ కూపర్ అనే నల్లజాతి యువకుణ్ణి పిలిచారు. తొమ్మిదవ వరుసలో, అంటే దాదాపు సంత ముగిసి చాపలు చుట్టే వేళకు, వాషింగ్టన్ కాపిటల్స్ జట్టువారు లాయిడ్‌ను పిలిచారు. న్యూయార్క్‌వారు నాట్ క్లిఫ్టన్‌ను తీసుకొన్నారు. ఆటల పట్టిక ఎట్లా పడిందో గాని, అందరికంటె ముందు వాషింగ్టన్ ఆట వచ్చింది. 1950 అక్టోబరు 31న, సిరక్యూస్‌కు గంటన్నర దూరంలో ఉన్న రోచెస్టర్‌లో, లాయిడ్ మైదానంలో అడుగుపెట్టాడు. ఎన్.బి.ఎ.లో ఆడిన మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. మరునాడు కూపర్, ఆ వారంలోనే క్లిఫ్టన్. (తెల్లవాడు కాని మొదటి ఆటగాడు మాత్రం వేరొకరు. ఆ సంఘానికి ఇంకా పాత పేరే ఉన్న 1947లో, జపాను సంతతికి చెందిన వాట్ మిసాకా న్యూయార్క్ జట్టులో మూడు ఆటలాడాడు. ఆయన కథ మరొక టపాకు సరిపడా ఉన్నది.)

చరిత్రాత్మకమయిన ఆ సాయంత్రం ఏమీ జరగలేదు! అదే నాకు వింత. కేకలు లేవు, పూలదండలు లేవు, పత్రికలలో పెద్ద అక్షరాలు లేవు. వాషింగ్టన్ 78-70 తేడాతో ఓడిపోయింది. లాయిడ్ 6 పాయింట్లు చేశాడు. బుట్టకు తగిలి తిరిగివచ్చిన బంతులను, వీటిని రీబౌండ్లంటారు, పదింటిని పట్టుకొన్నాడు. ఆ రోజు అందరికంటె ఎక్కువ అవే. రీబౌండ్లను పట్టికలో లెక్కవ్రాయడం కూడా ఆ సంవత్సరమే మొదలయింది. అదొక్క ఏడు ఆలస్యమై ఉంటే ఆ పది కూడా గాలిలో కలిసిపోయేవి.

బేస్‌బాల్‌లో వర్ణరేఖను చెరిపిన జాకీ రాబిన్‌సన్‌తో తనను పోల్చవద్దని ఆయన జీవితాంతం చెప్పుకొన్నాడు. 1947లో రాబిన్‌సన్ పడిన యాతన వేరు, బాస్కెట్‌బాల్‌ను అప్పట్లో పట్టించుకొన్నవారే తక్కువ, తన జట్టులోని తెల్ల కుర్రవాళ్ళు కళాశాలల్లో నల్లవారితో కలిసి ఆడి వచ్చినవారు అని ఆయన వాదం. ఇది వినయమే కాదు, కొలత తెలిసినవాడి మాట కూడా. అయితే యాతన లేదని కాదు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక ఆటలో ఆయన తల్లిదండ్రుల వెనుక కూర్చొన్న ప్రేక్షకుడొకడు, నీచమైన మాట వాడి, 'వీడికి ఆట వచ్చునా' అన్నాడట. ఆ తల్లి వెనుకకు తిరిగి, వాడికి ఆట బాగానే వచ్చునని జవాబు చెప్పిందట. ఫోర్ట్ వేన్‌లో ఒకడు ఆయనపై ఉమ్మివేశాడు. సెయింట్ లూయీలో తిట్లు. అనేకచోట్ల హోటళ్ళలో అన్నం పెట్టలేదు.

ఫోర్ట్ వేన్‌లోనే జరిగిన మరొక సంగతి ఉన్నది. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

జట్టు బస చేసిన హోటలువారు లాయిడ్‌కు గది ఇచ్చారు. కాని భోజనశాలలో కూర్చొని తినడానికి వీల్లేదన్నారు. గదిలో ఒంటరిగా తింటుంటే తలుపు చప్పుడయింది. బోన్స్ మెకిన్నీ. జట్టు శిక్షకుడు, ఆటగాడు కూడా. ఉత్తర కరోలినాలో పుట్టి పెరిగిన దక్షిణాదివాడు. నల్లవారినీ తెల్లవారినీ ఒక బల్లవద్ద కూర్చోనీయని నేల అది. ఆయన లోపలికి వచ్చి కూర్చొని లాయిడ్‌తో కలిసి భోజనం చేశాడు. అంతే. ఉపన్యాసం లేదు. లాయిడ్ ఆ సంగతిని దశాబ్దాల తర్వాత కూడా చెప్పుకొనేవాడు.

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే ఈ వ్రాత అబద్ధమవుతుంది.

1985లో నాకు మొదటి ఉద్యోగం. ఊరి పేరు అనవసరం. అగ్రహారంలో పుట్టి, ప్రాచ్య కళాశాలలో చదివి, నెత్తిమీద కావ్యాలు మోసుకొంటూ వెళ్ళిన ఇరవైనాలుగేళ్ళ తెలుగు పండితుణ్ణి. ఆ బడిలో లెక్కల మాస్టారు ఒకరుండేవారు. నాకంటె ఆరేడేళ్ళు పెద్ద. ఊరి చివరి వాడలో పుట్టి, వారాల హాస్టళ్ళలో చదువుకొని పైకి వచ్చిన మనిషి. ఊళ్ళో ఆయనకు అద్దెకు ఇల్లు దొరకలేదు. ఇవ్వమని ఎవరూ అనలేదు. ఖాళీగా ఉన్నదని ఎవరూ చెప్పలేదు. పదకొండు కిలోమీటర్ల దూరంలోని పట్నం నుండి రోజూ సైకిలు తొక్కుకొంటూ వచ్చేవారు. మధ్యాహ్నం గంట కొట్టగానే మేమందరమూ ఉపాధ్యాయుల గదిలో గుండ్రంగా కూర్చొని క్యారియర్లు విప్పుకొనేవాళ్ళం. ఒకరి కూర ఇంకొకరికి, ఒకరి పచ్చడి ఇంకొకరికి. ఆయన ఎనిమిదో తరగతి గదిలో ఒంటరిగా తినేవారు. "నోటుపుస్తకాలు దిద్దేవి ఉన్నాయండీ, మీరు కానివ్వండి" అనేవారు. రావద్దని మేమెవ్వరమూ అనలేదు. రండి అని కూడా అనలేదు. రెండేళ్ళు ప్రతిరోజూ దిద్దవలసిన పుస్తకాలుంటాయా? నాకు తెలుసు. మా ఇంటినుండి వచ్చిన మాగాయ అందరికీ పంచాను. ఎనిమిదో తరగతి గది మా గదికి ముప్పై అడుగులు.

ఆ రెండవ సంవత్సరంలోనే నాకు పచ్చకామెర్లు వచ్చి నలభై రోజులు మంచమెక్కాను. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నాయి. నేను తిరిగి వచ్చేసరికి పిల్లలందరికీ పద్యాలు కంఠతా వచ్చు. ప్రతిపదార్థాలు సైతం వచ్చు. నా పీరియడ్లు లెక్కల మాస్టారు తీసుకొన్నారని పిల్లలే చెప్పారు. ఎవరూ ఆయనను అడగలేదట. నా ఇంటికి మనిషినంపి పాఠ్యపుస్తకం మీద నేను వ్రాసుకొన్న గుర్తులు తెప్పించుకొన్నారట. నాకా సంగతే తెలియదు. ఆ ఏడు తెలుగులో నూటికి నూరుగురూ ఉత్తీర్ణులయ్యారు. అభినందనలు నాకు వచ్చాయి. హాజరుపట్టీలో ఉన్నది నా సెలవు మాత్రమే. ఆయన చేసిన పనికి పట్టీలో గడి లేదు.

పోనీయండి. లాయిడ్ సంగతికి వస్తాను.

వాషింగ్టన్‌కు ఆయన ఆడినది ఏడే ఏడు ఆటలు. సైన్యంలోనికి పిలుపు వచ్చింది. కొరియా యుద్ధకాలమది. ఆయన సైన్యంలో ఉండగానే, 1951 జనవరి 9న, వాషింగ్టన్ జట్టు మూతబడింది. ఆనాటి వృత్తి బాస్కెట్‌బాల్ అంత బలహీనమైనది. 11 జట్లతో మొదలైన సంవత్సరం నడిమధ్యలోనే పదికి దిగింది. సైన్యం నుండి తిరిగివచ్చిన లాయిడ్‌కు 1952లో సిరక్యూస్ నేషనల్స్‌వారు చోటిచ్చారు. నేను మంచులో చూసిన ఊరు అదే. అక్కడ ఆరు సంవత్సరాలు.

అక్కడ ఆయన పనేమిటి? జట్టులో పాయింట్లు చేసేవాడు డాల్ఫ్ షేయ్స్ అనే మహానుభావుడు. ఎదుటి జట్టులోని బలవంతుణ్ణి, షేయ్స్ జోలికి రాకుండా, పట్టి ఆపడం లాయిడ్ పని. షేయ్స్ బంతితో పరుగెత్తే దారిలో స్తంభంలా నిలిచి, వెంటాడేవాడు తనను ఢీకొనేట్లు చేయడం లాయిడ్ పని. బుట్టక్రింద మోచేతుల మధ్య దూరి రీబౌండ్లు పట్టి, వెంటనే మరొకరికి అందించడం లాయిడ్ పని. పాయింటు పడితే చప్పట్లు ఎవరికో ఊహించుకోండి.

నేను ఆ పట్టికలను మనుమడి సాయంతో శ్రద్ధగా చూశాను. చూడగా ఒక విచిత్రం కనబడింది. ఎదుటివాడి చేతిలో బంతిని లాగివేయడం, గాలిలో ఉన్న బంతిని అడ్డుకోవడం వంటివాటిని ఎన్.బి.ఎ. పట్టికలలో లెక్కించడం 1973-74లో గాని మొదలుకాలేదు. అప్పటికి లాయిడ్ ఆట మాని పదమూడేళ్ళు దాటింది. ఎదుటి మహారథుణ్ణి ఎంత తక్కువ పాయింట్లకు నిలువరించాడో చెప్పే గడి ఆ పట్టికలో ఎన్నడూ లేదు. కాని ఫౌళ్ళకు, అంటే నియమం దాటి తగిలిన తప్పులకు, మొదటినుండీ గడి ఉన్నది. ఆరు తప్పులకు ఆటగాణ్ణి బయటకు పంపుతారు. 1953-54లో దేశం మొత్తం మీద అందరికంటె ఎక్కువ ఫౌళ్ళు చేసినవాడూ, అందరికంటె ఎక్కువసార్లు బయటకు పంపబడినవాడూ ఎర్ల్ లాయిడే. రోజూ ఎదుటి జట్టులో కెల్లా బలవంతుడి మీదకు తోస్తే తప్పులు కాక ఏమవుతాయి? ఆయన చేసిన కష్టానికి పట్టికలో మిగిలిన సాక్ష్యం ఆయన తప్పులే! పట్టిక చూసి మనిషిని తూచే అలవాటు నాకూ ఉన్నది. ముప్పదినాలుగేండ్లు మార్కులు వేసినవాణ్ణి.

1955. గడియారం వచ్చిన తొలి సంవత్సరం. తుదిపోరులో సిరక్యూస్‌కు ఎదురుపడినది ఫోర్ట్ వేన్ పిస్టన్స్. అవును, లాయిడ్ గదిలో కూర్చొని తిన్న ఊరి జట్టే. (యజమాని కారు ఇంజనులకు పిస్టన్లు తయారుచేసే కర్మాగారం అధిపతి, జట్టుకు ఆ పేరే పెట్టుకొన్నాడు. మన ఊళ్ళో పంచదార మిల్లువారు నాటక సమాజం పెట్టినట్లు.) ఏడింటిలో నాలుగు గెలవాలి. ఫోర్ట్ వేన్‌లోని ఆటశాలలో బౌలింగ్ పోటీలు జరుగుతున్నందున వారి ఇంటి ఆటలు ఇండియానాపోలిస్‌కు మార్చారు. బౌలింగ్ శాల యజమాని బయసోన్‌కు బౌలింగే సాయపడిందని నవ్వుకొన్నాను గాని, అక్కడ కూడా మూడింటికి మూడూ ఫోర్ట్ వేనే గెలిచింది. సిరక్యూస్ సొంత ఊళ్ళో మూడు గెలిచి సమానమయింది. ఏప్రిల్ 10న ఏడవ ఆట. ఒక దశలో ఫోర్ట్ వేన్ 17 పాయింట్లు ముందున్నది. పాత పద్ధతే అయితే వారు బంతిని దాచుకొని కూర్చొనేవారు; గడియారం కూర్చోనీయలేదు. చివరి పన్నెండు సెకన్లలో జార్జ్ కింగ్ ఒక పాయింటు చేసి, ఆ వెంటనే ఎదుటివారి చేతిలోని బంతిని లాగుకొన్నాడు. 92-91.

ఆ ఏడు లాయిడ్ సగటున ఆటకు 10.2 పాయింట్లు, 7.7 రీబౌండ్లు చేశాడు. ఆయన జీవితంలో ఉత్తమమైన సంవత్సరాలలో అదొకటి. ఎన్.బి.ఎ. విజేతలయిన జట్టులో ఆడిన మొదటి నల్లజాతివారు ఆయనా, జిమ్ టక్కరూ. ఆ ఆటశాల, వార్ మెమోరియల్, ఇప్పటికీ ఉన్నది. మనుమడూ నేనూ దాని చుట్టూ ఒకసారి తిరిగాము. జట్టు మాత్రం లేదు. 1963లో ఫిలడెల్ఫియాకు తరలిపోయింది.

1958లో సిరక్యూస్‌వారు లాయిడ్‌ను పంపివేశారు. ఎక్కడికనుకొంటున్నారు? పిస్టన్స్ జట్టుకే! అప్పటికి అది ఫోర్ట్ వేన్ విడిచి డెట్రాయిట్‌కు మారి ఏడాదయింది. తనపై ఉమ్మినవారి ఊరి జట్టు చొక్కా తొడుక్కొని రెండేళ్ళు ఆడి 1960లో మానివేశాడు. మొత్తం 560 ఆటలు, ఆటకు సగటున 8.4 పాయింట్లు. అదే జట్టుకు 1971లో శిక్షకుడయ్యాడు. 22 గెలుపులు, 55 ఓటములు. మరుసటి ఏడు ఏడు ఆటలు కాగానే తొలగించారు. దీనిని గురించి ఎక్కువ వ్రాయను. కూలిపోతున్న ఇంటికి కాపలా పెట్టి, కూలినందుకు కాపలావాణ్ణి నిందించినట్లు నాకు తోచింది.

తర్వాత ఆయన డెట్రాయిట్ పాఠశాలల విభాగంలో పనిచేశాడు. పేదపిల్లలకు ఉద్యోగానికి కావలసిన మెలకువలు నేర్పించి పని చూపించే పని. పుస్తకాలు ఆ సంవత్సరాలను ఒకటి రెండు వాక్యాలలో దాటివేస్తాయి. ఉపాధ్యాయుణ్ణి కాబట్టి నేను అక్కడే ఆగిపోయాను. ఎందరు పిల్లలో, ఏ పనులలో కుదురుకొన్నారో, వారిలో ఎందరికి తమ ముందు కూర్చొన్న ఆ పొడవాటి మనిషి ఎవరో తెలుసునో.

2003లో బాస్కెట్‌బాల్ కీర్తిమందిరంలో ఆయనకు స్థానమిచ్చారు. ఆటగాడిగా కాదు; ఆటకు దోహదం చేసినవాడిగా. రోచెస్టర్ సాయంత్రానికి యాభైరెండేళ్ళ తర్వాత. 2015 ఫిబ్రవరి 26న, 86 ఏళ్ళ వయసులో, టెన్నెసీ రాష్ట్రంలో మరణించాడు.

ఇండియాకు తిరిగివచ్చాక, పాత మిత్రులను నలుగురిని అడిగి లెక్కల మాస్టారి ఫోను నంబరు సంపాదించాను. నంబరు చేతికి వచ్చాక మూడు వారాలు ఊరుకొన్నాను. పోయిన ఆదివారం చేశాను.

"ఎవరూ, తెలుగు మాస్టారా? బాగున్నారా అండీ?" అన్నారు. గొంతు మారలేదు. కంటి శుక్లాలు తీయించుకొన్నారట. సైకిలు తొక్కిన మోకాళ్ళు ఇప్పుడు మెట్లెక్కనీయడం లేదట. అమ్మాయి బ్యాంకులో పనిచేస్తోందట. నేను చెప్పదలచుకొన్న మాటను రెండుసార్లు నోటిదాకా తెచ్చుకొన్నాను. ఈలోగా ఆయనే, "అమెరికా వెళ్ళారటగా, ఏం చూశారు?" అన్నారు.

"ఒక గడియారం చూశానండీ" అన్నాను. వెనుకకు నడిచే గడియారమనీ, ఆట నలభై ఎనిమిది నిమిషాలనీ, నూటఇరవైసార్లు బుట్టకు వేయాలనీ చెప్పి, ఎన్ని సెకన్లు పెట్టారో చెప్పబోయేలోగా అవతల నుండి "ఆగండాగండి" అన్నారు. క్షణం నిశ్శబ్దం. "రెండువేల ఎనిమిదివందల ఎనభై. నూటఇరవైతో కొడితే... ఇరవైనాలుగు. శేషం లేదు. భలే కుదిరిందండీ!" అని పిల్లవాడిలా నవ్వారు.

నేనూ నవ్వాను. ఈ బుధవారం వస్తున్నానని చెప్పాను. సాయంత్రం టీ వేళకు రమ్మన్నారు. మధ్యాహ్నం భోజనం వేళకే వస్తానన్నాను. మా ఆవిడ మాగాయ జాడీ దించింది.